ఫోన్ పక్కన పెట్టడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్ వాడకం తగ్గించుకోవాలని గట్టిగా అనుకుని, వారం తిరక్కుండానే మళ్ళీ మొదటికొచ్చినవాళ్ళ కోసం ఈ పేజీ. పట్టుదల ఒక్కదాన్నే నమ్ముకున్న పద్ధతులు ఎందుకు నిలబడవో, వాటి బదులు ఏ ఏర్పాట్లు నిలబడతాయో, అవి చేసేటప్పుడు ఎక్కడ దెబ్బతింటారో ఇక్కడ రాశాం.

ఫోన్ పూర్తిగా మానెయ్యాలా? తగ్గిస్తే సరిపోదా?

తగ్గిస్తే సరిపోతుంది. అయితే దేన్ని తగ్గించాలన్నది ముందు తేలాలి. ఫోన్‌లో మనం చేసేవి రెండు రకాలు. దారి చూసుకోవడం, డబ్బు పంపడం, ఎవరికో ఫోన్ చెయ్యడం ఒక రకం. వీటికి ఒక చివర ఉంటుంది: ఊరు చేరగానే మ్యాప్ మూసేస్తాం, డబ్బు వెళ్ళగానే యాప్ మూసేస్తాం. రీల్స్, చిన్న వీడియోలు, వార్తల ఫీడ్ రెండో రకం. వీటికి చివర లేదు, లేకుండానే తయారుచేశారు. ఒకప్పుడు వెబ్ పేజీ అడుగున ‘తర్వాతి పేజీ’ అనే బటన్ ఉండేది. దాన్ని నొక్కాలా వద్దా అని ఒక్క క్షణం ఆగేవాళ్ళం. 2006లో ఎజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించిన అంతులేని స్క్రోలింగ్ ఆ క్షణాన్ని తీసేసింది. తర్వాతి కాలంలో ఆయనే దాని గురించి బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు.

మొదటి రకాన్ని ముట్టుకోనక్కర్లేదు. పని అంతా రెండో రకం మీదే. చిక్కల్లా రెండూ ఒకే పెట్టెలో ఉండటం. ఓటీపీ కోసం ఫోన్ తీస్తారు. ఆరు అంకెలు గుర్తుపెట్టుకునే లోపే, ఎవరో ఫొటో పెట్టారని పైన ఒక వరుస కనిపిస్తుంది. వేలు దాని మీదకు వెళ్తుంది. ఫొటో చూశాక కిందికి జరుపుతారు, ఇంకొకటి, ఇంకొకటి. తల ఎత్తేసరికి కంప్యూటర్ తెర మీద ఓటీపీ గడువు అయిపోయి ఉంటుంది. కింద చెప్పే ఏర్పాట్లు చాలావరకు ఈ రెండు రకాలనూ విడదీయడానికే.

నేను ఎంత వాడుతున్నానో ఎలా తెలుస్తుంది?

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ కింద డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూడండి. రెండూ 2018లో వచ్చినవే, ఇప్పుడు దాదాపు అన్ని ఫోన్లలో ఉంటాయి. అందరూ మొత్తం గంటలు చూసి కంగారుపడతారు. ఆ అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే మూడు గంటలు మ్యాప్ పెట్టుకుని కారు నడిపినా అదీ అందులో కలుస్తుంది. దానికన్నా ఫోన్‌ను రోజుకి ఎన్నిసార్లు తెరిచారన్న లెక్క ఎక్కువ చెబుతుంది. ఐఫోన్ అయితే తీసిన వెంటనే మొదట ఏ యాప్ తెరిచారో కూడా చూపిస్తుంది. మీ అలవాటు ఎక్కడ మొదలవుతోందో ఆ జాబితాలో దొరుకుతుంది.

ఏదీ మార్చకుండా ఒక వారం ఊరికే గమనించండి. జేబులో చిన్న కాగితం ఉంచుకుని, ఫోన్ తీసినప్పుడల్లా టైము, దేనికి తీశారు, చివరికి ఏం చేశారు అని మూడు ముక్కలు రాయండి. రోజంతా రాయలేకపోతే సాయంత్రం రెండు గంటలు రాసినా చాలు. ‘దేనికి తీశారు’ అన్నచోట ఖాళీగా వదిలేసిన వరుసలు లెక్కపెట్టండి. తగ్గించాల్సింది వాటినే.

ఏ పనీ లేకపోయినా చెయ్యి ఫోన్ మీదకు ఎందుకు పోతుంది?

ఎప్పుడు ఏం దొరుకుతుందో తెలియకపోవడమే కారణం. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సంగతి చూపించాడు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలి తీరాక ఆగిపోతుంది. ఎన్నిసార్లు నొక్కితే పడుతుందో తెలియకుండా చేస్తే వదలకుండా నొక్కుతూనే ఉంటుంది, గింజలు ఆపేశాక కూడా చాలాసేపు నొక్కుతుంది. ఫీడ్‌ను కిందికి లాగి కొత్తవి తెప్పించుకోవడం కూడా ఇలాంటి మీటే. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ ఉండదు. పదోసారి ఉంటుంది కాబట్టి చెయ్యి మళ్ళీ వెళ్తుంది.

ఇక ఎప్పుడు వెళ్తుందంటే, లిఫ్ట్ కోసం నిలబడ్డప్పుడు, చేస్తున్న పనిలో కష్టమైన చోటు వచ్చినప్పుడు, ఎవరితోనో మాట తేడా వచ్చినప్పుడు. అలాంటి క్షణాలు మీకు ఏవో పైన చెప్పిన కాగితం చూపిస్తుంది.

అయితే మొదట చెయ్యాల్సింది ఏమిటి?

నోటిఫికేషన్లు. ఒక అరగంట కూర్చుంటే అయిపోతుంది, ఫలితం మర్నాటికే తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి, ఒక్కొక్క యాప్ దగ్గర ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ కబురు వెనక ఒక మనిషి ఉండి నా జవాబు కోసం చూస్తున్నాడా? ఉంటే ఉంచండి. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు, నేరుగా మీకు వచ్చే మెసేజ్‌లు, బ్యాంకు హెచ్చరికలు, క్యాలెండర్ ఉంటాయి. షాపింగ్, గేములు, వార్తలు, ‘మీకు నచ్చొచ్చు’ అంటూ వచ్చేవి అన్నీ తీసెయ్యండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. శబ్దం మాత్రం ఆపి, ఐకాన్ మీద ఎర్ర చుక్కను అలాగే వదిలేస్తారు. చెవికి వినపడకపోయినా కంటికి కనపడుతుంది కదా, ఓటీపీ కోసం తెరిచినప్పుడు ఆ చుక్కే లాగుతుంది. కాబట్టి శబ్దం, వైబ్రేషన్, లాక్ స్క్రీన్ మీద కనిపించడం, చుక్క, నాలుగూ ఆపాలి. రెండో పొరపాటు, మొత్తం యాప్‌నే మూసెయ్యడం. డెలివరీ యాప్‌లో ‘మీ పార్సిల్ వచ్చింది’ అన్నది కావాలి, ‘ఈ రోజు తగ్గింపు’ అన్నది అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 8 నుంచి ఒకే యాప్ లోపల రకాలవారీగా నోటిఫికేషన్లు ఆపుకోవచ్చు. వచ్చిన నోటిఫికేషన్‌ను వేలితో నొక్కి పట్టుకుంటే ఆ రకం పేరు కనిపిస్తుంది, అక్కడే ఆపెయ్యవచ్చు.

తర్వాత హోమ్ స్క్రీన్. మొదటి పేజీలో మ్యాప్, చెల్లింపుల లాంటి, ఎక్కడో ఒకచోట ముగిసే పనుల యాప్‌లే ఉంచండి, ఎనిమిది మించకుండా. ఫీడ్ ఉన్నవన్నీ అక్కడి నుంచి తీసేసి, కావాలంటే పేరు టైప్ చేసి వెతికి తెరిచేలా పెట్టండి. ఐదు అక్షరాలు టైప్ చేసేలోపు ‘ఇప్పుడు ఎందుకు?’ అన్న ఆలోచన వస్తుంది. అది వస్తే చాలు.

రోజుకి అరగంట అని టైమర్ పెట్టుకున్నా, రోజూ దాటేస్తున్నాను.

దాటేస్తారు, దాటడం అంత తేలిక కాబట్టి. ఐఫోన్‌లో టైము అయిపోయాక ఆ హద్దును పట్టించుకోవద్దనే బటన్ అక్కడే ఉంటుంది. మూడు రోజులు నొక్కితే అదీ అలవాటై, చదవకుండానే నొక్కేస్తారు. స్క్రీన్ టైమ్‌కి పాస్‌కోడ్ పెట్టి, హద్దు దాటాక పూర్తిగా ఆపేసే ఆప్షన్ ఆన్ చేసి, ఆ పాస్‌కోడ్‌ను ఇంట్లో వేరేవాళ్ళ చేత పెట్టించండి. అది మీకు తెలిసి ఉంటే లాభం లేదు.

ఆండ్రాయిడ్‌లో మీరు పెట్టుకున్న టైమర్‌ను మీరే తీసెయ్యగలరు. అందుకని అక్కడ యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, బ్రౌజర్‌లోనే వాడటం మేలు. వాడిన ప్రతిసారీ లాగవుట్ అవ్వండి, పాస్‌వర్డ్‌ను బ్రౌజర్‌లో సేవ్ చెయ్యకండి. పొడవైన పాస్‌వర్డ్‌ను ప్రతిసారీ చేత్తో కొట్టాల్సి వస్తే, నిజంగా అవసరమైనప్పుడే కొడతారు.

యూట్యూబ్‌కి వేరే మార్గం ఉంది. సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపండి, చూసినవాటి చరిత్రను తుడిచి, ఇకపై నమోదు కాకుండా ఆపండి. అప్పుడు హోమ్ పేజీలో సిఫార్సులు రావు, వెతుకులాట పెట్టె మాత్రం ఉంటుంది. ఏం చూడాలో తెలిసి వెళ్తే దొరుకుతుంది, తెలియకుండా వెళ్తే ఖాళీ పేజీ. ఈ ఒక్క మార్పుకి పెట్టిన శ్రమ కన్నా వచ్చే లాభం చాలా ఎక్కువ.

తెరను నలుపు తెలుపు చేస్తే ఉపయోగం ఉంటుందా?

కొంతమందికి ఉంటుంది. రీల్స్‌లో ఆకర్షణ సగం రంగులదే. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ కింద కలర్ ఫిల్టర్స్‌లో, ఆండ్రాయిడ్‌లో బెడ్‌టైమ్ మోడ్‌లో ఇది దొరుకుతుంది. ఫొటోలు తీసేవాళ్ళకు, మ్యాప్‌లో ట్రాఫిక్ రంగులు చూసేవాళ్ళకు ఇబ్బందే, అందుకే రెండో రోజే తీసేస్తుంటారు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు వరకు మాత్రమే పెట్టుకుంటే నిలబడుతుంది.

రాత్రి పడుకునే ముందు ఫోన్ చూడకుండా ఉండలేకపోతున్నాను. ఏం చెయ్యాలి?

ఈ పేజీలో ఒక్కటే పాటించగలను అనేవాళ్ళు ఇది పాటించండి: ఛార్జర్‌ను పడకగది నుంచి తీసెయ్యండి. ఫోన్ వేరే గదిలో ఛార్జ్ అవ్వాలి. పక్క మీద నుంచి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఫోన్ ఉన్నంతకాలం ఏ నియమమూ నిలవదు. మంచం దిగి నాలుగడుగులు నడవాలంటే చాలాసార్లు అక్కడితో ఆగిపోతాం.

వెంటనే వచ్చే అభ్యంతరం అలారం. దానికోసం విడిగా ఒక అలారం గడియారం కొనండి, బ్యాటరీతో నడిచే మామూలుది చాలు. అంకెలు మెరిసే రకం వద్దు, అర్ధరాత్రి మెలకువ వస్తే టైము చూసి లెక్కలు వేసుకుంటూ పడుకుంటారు. టిక్ టిక్ శబ్దం పడనివాళ్ళు ముల్లు ఆగకుండా జారే రకం అడిగి తీసుకోండి.

నిద్ర చెడటానికి కారణాలు రెండు. మొదటిది వెలుతురు. కంటి రెటీనాలో కొన్ని కణాలు చూపు కోసం కాక, పగలా రాత్రా అని శరీరానికి చెప్పడానికి ఉన్నాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి బాగా స్పందిస్తుంది. ఆ కాంతి రాత్రిపూట పడితే నిద్రను తెచ్చే మెలటోనిన్ తగ్గుతుంది. తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్ పెట్టుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళున్నారు. రంగు ఒక్కటే మార్చి వెలుగు తగ్గించకపోతే దానివల్ల ఒరిగేది తక్కువ. రెండో కారణాన్ని అది అసలు ముట్టుకోదు. ఆ రెండో కారణం మీరు చూస్తున్న విషయం. గొడవపడుతున్న కామెంట్లు చదివాక తెర పసుపుగా ఉన్నా మనసు మేల్కొనే ఉంటుంది.

పడుకునేముందు గంటసేపు ఫోన్ లేకుండా ఉంటే మంచిది. గంట కష్టమైతే ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి పది నిమిషాలు పెంచండి.

రాత్రి ఎవరికైనా ఏదైనా అయితే నాకెలా తెలుస్తుంది?

అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు లేకుండా ఫోన్ దూరం పెడితే రాత్రంతా చెవి అటే ఉంటుంది. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, దానిలో ఇంట్లోవాళ్ళ నంబర్లకు మినహాయింపు ఇవ్వండి. మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళ కాల్స్ రానిచ్చే ఆప్షన్ కూడా ఆన్ చెయ్యండి. అదే మనిషి ఐఫోన్‌లో 3 నిమిషాల లోపు, ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. ‘అత్యవసరమైతే వెంటనే రెండోసారి చెయ్యండి’ అని దగ్గరివాళ్ళకు చెప్పి ఉంచండి. రింగ్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, వేరే ఫోన్ నుంచి చేయించి, తలుపు మూసి ఉన్నా వినపడుతోందో లేదో ఒకసారి చూసుకోండి. ఈ పరీక్ష చేసినవాళ్ళే నిశ్చింతగా పడుకుంటారు.

వాట్సాప్ గ్రూపుల నుంచి బయటికి రాలేను. బంధువులు నొచ్చుకుంటారు.

బయటికి రానక్కర్లేదు. గ్రూపును ఎప్పటికీ మ్యూట్ చేసి, ఆర్కైవ్ చెయ్యండి. చాట్స్ సెట్టింగ్స్‌లో ఆర్కైవ్ చేసినవి అలాగే ఉండేలా ఆప్షన్ ఉంది, అది ఆన్‌లో ఉంటే కొత్త మెసేజ్ వచ్చినా ఆ గ్రూపు పైకి రాదు. రోజుకి ఒకసారి, టైము పెట్టుకుని, అక్కడికి వెళ్ళి పుట్టినరోజులూ కబుర్లూ చూసి జవాబివ్వండి. ఎవరూ నొచ్చుకోరు, ఆలస్యంగా చూస్తారని అలవాటు పడతారు. ఫొటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపడం కూడా మరవకండి. నిజంగా వదిలెయ్యాల్సిన గ్రూపులైతే, 2022 నుంచి మీరు బయటికి వెళ్ళినట్టు అడ్మిన్లకు మాత్రమే కబురు వెళ్తుంది.

ఆఫీసు పనంతా ఫోన్‌లోనే ఉంటే?

ఒక పని మధ్యలో వదిలి ఇంకో పనికి వెళ్ళినప్పుడు మొదటి పని ఆలోచన కొంత వెంట వస్తుందని, దానివల్ల రెండో పని చెడుతుందని 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు చూపించింది. ఇంట్లో భోజనం దగ్గర ఒక్క మెయిల్ చూసినా జరిగేది ఇదే. మెయిల్ మూసేస్తారు, మనసు మాత్రం అక్కడే ఉంటుంది.

మెయిల్ చూడటానికి రోజుకి మూడు టైములు పెట్టుకోండి. వాటిని తోటివాళ్ళకు చెప్పండి, ‘అంతకన్నా తొందరైతే ఫోన్ చెయ్యండి’ అని కూడా చెప్పండి. ఈ రెండో వాక్యం లేకపోతే మొదటి వాక్యం పనిచెయ్యదు, ఎందుకంటే ఏదో తప్పిపోతోందన్న భయం మిమ్మల్నే ముందు తినేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఆఫీసువాళ్ళు వర్క్ ప్రొఫైల్ ఇచ్చి ఉంటే సాయంత్రం ఒక్క బటన్‌తో దాన్ని ఆపవచ్చు. ఆఫీసు యాప్‌లన్నీ బూడిద రంగులోకి మారి నిద్రపోతాయి, మీ సొంతవి మామూలుగా పనిచేస్తాయి. ఐఫోన్‌లో 2021లో వచ్చిన ఫోకస్ అనే సెట్టింగ్‌తో దగ్గరదగ్గరగా ఇదే చేసుకోవచ్చు.

ఒక రోజంతా ఫోన్ లేకుండా ఉండాలంటే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

పొద్దున్నే మొదలుపెట్టకండి, ముందురోజు సాయంత్రం మొదలుపెట్టండి. నిద్రతో కలిపి పన్నెండు గంటలు తెలియకుండా గడుస్తాయి.

ముందుగా ఐదారు ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకోండి, సొంత ఇంట్లోవాళ్ళ నంబర్లే గుర్తులేని రోజులివి. వెళ్ళాల్సిన చోటుకి దారి, టికెట్లు ఉంటే వాటి ప్రింటు, కొంచెం చేతి డబ్బు, చేతి గడియారం తీసి పెట్టుకోండి. ఆ రోజు ఓటీపీ అవసరమయ్యే చెల్లింపులు ముందే కట్టెయ్యండి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు దొరకరో, అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలో దగ్గరివాళ్ళకు చెప్పండి.

ఆ రోజు చేయబోయే పని కూడా ముందే తేలాలి. ఖాళీగా కూర్చుని ఫోన్‌ను తలుచుకుంటే మధ్యాహ్నానికి ఓడిపోతారు. చేతులకు పని ఉండేది ఎంచుకోండి: మొక్కలు, వంట, అల్మరా సర్దడం, సైకిల్ బాగుచెయ్యడం. పుస్తకమైతే ఎక్కడ ఆగారో ఆ పేజీ తెరిచి, ఫోన్ ఎప్పుడూ పెట్టే చోట బోర్లించి పెట్టండి.

ఎక్కువ రోజులు ఆపేవాళ్ళు ఒక సంగతి చూసుకోవాలి. అసలు ఫోన్‌లో 14 రోజులకు మించి వాట్సాప్ వాడకపోతే కంప్యూటర్‌లో జోడించినవి లాగవుట్ అయిపోతాయి. 120 రోజులు వాడకపోతే ఖాతా తొలగిపోవచ్చు.

మొదలుపెట్టినప్పటి నుంచి చిరాకుగా ఉంది. జేబులో ఫోన్ లేకపోయినా వైబ్రేట్ అయినట్టు అనిపిస్తోంది.

రెండూ మామూలే. ఆ వైబ్రేషన్ భ్రమ చాలామందికి ఉండేదే, హాని లేదు. చిరాకు, తోచకపోవడం మొదటి కొన్ని రోజులే గట్టిగా ఉంటాయి. కొత్త అలవాటు దానంతటదే జరిగేలా మారడానికి ఎంతకాలం పడుతుందని 2010లో వెలువడిన ఒక పరిశోధనలో చూస్తే సగటున 66 రోజులు వచ్చింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి నిన్న రెండు గంటలు రీల్స్ చూశామని ఈ రోజు మానుకోకండి.

పిల్లల సంగతి?

ఐదేళ్ళలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. రెండేళ్ళలోపు పిల్లలకు తెర వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకి గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. ఆపాక ఏడుపు రావడానికి ఎక్కువసార్లు కారణం, కథ మధ్యలో లాక్కోవడం. ఆటోప్లే తీసేసి, ‘ఇది అయ్యాక ఆపుతాం’ అని ముందే చెప్పి, అది అయిపోయినప్పుడే ఆపండి. నిమిషాల లెక్క చిన్నపిల్లలకు అర్థం కాదు, కథ అయిపోవడం అర్థమవుతుంది. పెద్దవాళ్ళు భోజనం దగ్గర ఫోన్ చూస్తూ పిల్లలకు వద్దంటే వాళ్ళు వినరు, వినకపోవడంలో వాళ్ళ తప్పు లేదు.

కళ్ళు మండుతున్నాయి. స్క్రీన్ వల్లేనా?

తెర చూసేటప్పుడు రెప్ప వెయ్యడం తగ్గి కళ్ళు ఆరిపోతాయి. ప్రతి 20 నిమిషాలకి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి, కావాలనే రెప్పలు వెయ్యండి. అప్పటికీ తగ్గకపోతే కళ్ళ డాక్టరుకి చూపించుకోండి.

ఖాతాలే డిలీట్ చేసేస్తే పోదా?

పోతుంది, తొందరపడకపోతే. ముందు మీ ఫొటోలు, సమాచారం డౌన్‌లోడ్ చేసుకోండి. ఆ ఖాతాతో లాగిన్ అయ్యే వేరే యాప్‌లు ఏమున్నాయో చూసి, వాటికి మెయిల్, పాస్‌వర్డ్ విడిగా పెట్టండి. ఇది మరిచి, ఎక్కడో దాచుకున్న పాత బిల్లులు అందక తర్వాత ఇబ్బందిపడతారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో డిలీట్ అడిగాక 30 రోజుల గడువు ఉంటుంది, ఆలోగా లాగిన్ అయి రద్దు చేసుకోవచ్చు. ఆ వెసులుబాటే వెనక్కి లాగుతుంది, అందుకని అడిగిన రోజే యాప్ కూడా తీసెయ్యండి. రెండంచెల లాగిన్‌కి వాడే ఆథెంటికేటర్ యాప్‌ను మాత్రం బ్యాకప్ కోడ్‌లు రాసుకోకుండా తాకకండి.

కీప్యాడ్ ఫోన్‌కి మారితే?

కాల్స్‌కి, ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీలకు చక్కగా సరిపోతుంది. కొనేముందు అది 4జీలో కాల్స్ చెయ్యగలదో లేదో అడగండి, పాత నెట్‌వర్క్‌లు చాలా దేశాల్లో మూతపడుతున్నాయి. సిమ్ సైజు కూడా చూసుకోండి. కొన్ని చెల్లింపుల యాప్‌లు సిమ్ అదే ఫోన్‌లో ఉంటేనే నడుస్తాయి, సిమ్ మార్చేముందు మీవి అలాంటివేమో కనుక్కోండి. స్మార్ట్‌ఫోన్‌ను అమ్మెయ్యకుండా ఇంట్లో వైఫై మీద, ఒకే చోట, పాత ల్యాండ్‌లైన్ ఉండే తీరున ఉంచడం చాలామందికి కుదిరే పద్ధతి.

ఇది వ్యసనమా? డాక్టరు దగ్గరికి వెళ్ళాలా?

ఎక్కువ వాడేవాళ్ళందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చినది గేమింగ్ డిజార్డర్. 2022 నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, సాధారణంగా ఇవి ఏడాదిపాటు ఉండటం దాని లక్షణాలు. గేములు కాకపోయినా ఫోన్ వల్ల చదువు, ఉద్యోగం, నిద్ర దెబ్బతింటుంటే మానసిక వైద్యులను కలవండి. దిగులుగా ఉన్నవాళ్ళు ఆ దిగులు నుంచి తప్పించుకోవడానికే ఫోన్ పట్టుకుని ఉండవచ్చు. అప్పుడు ఫోన్ లాగేసుకుంటే దిగులు పోదు. మీకున్న ఆసరా అంతా ఫోన్‌లో మాట్లాడే ఒకరిద్దరే అయితే, వాళ్ళను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దూరం చేసుకోకండి.

రెండు నెలలు బాగానే ఉన్నాను. మళ్ళీ పాత అలవాటే వచ్చేసింది.

ఏ ఏర్పాటు జారిపోయిందో చూడండి. ఒంట్లో బాగాలేనప్పుడు ఛార్జర్ పడకగదిలోకి వచ్చి అక్కడే ఉండిపోవడం, ప్రయాణంలో అవసరమై వేసుకున్న యాప్ తీసెయ్యకపోవడం, కొత్త ఫోన్‌లోకి మారినప్పుడు పాత యాప్‌లన్నీ మళ్ళీ దిగడం, ఎక్కువగా ఈ మూడింటిలో ఒకటి ఉంటుంది. కొత్త ఫోన్ అయితే, మొదటిసారి తెరిచినప్పుడు ప్రతి యాప్ నోటిఫికేషన్లకు అనుమతి అడుగుతుంది. అన్నిటికీ వద్దని చెప్పి, వారం తర్వాత నిజంగా లోటు అనిపించినవాటికే ఒక్కొక్కటిగా ఇవ్వండి.